నా బొట్టూ, కోటయ్య ముక్కా

నేను ఒక పీసీఆర్ యంత్రాన్ని. జన్యువును కోట్ల ప్రతులుగా పెంచి, కేన్సర్‌ను రేపిన తప్పు అందులో ఉందో లేదో చూపడం నా పని. పుట్టింది సింగపూర్‌లో, దుమ్ము సోకని గదిలో. ఇప్పుడు విజయవాడ ఆసుపత్రిలో నెత్తిన కుంకుమ బొట్టుతో కూర్చున్నాను.

ఆ బొట్టు ల్యాబు పెద్ద డాక్టర్ భుజంగరావు పెట్టించింది. ఏటా దసరాకు, అష్టమినాడే, ల్యాబులోని యంత్రాలన్నిటికీ ఆయుధపూజ చేయిస్తాడు. పూజ చేసిన పనిముట్టును దశమి దాటేదాకా ముట్టుకోకూడదంటాడు. మొన్నటి దసరాకు ఆదివారం కూడా కలిసొచ్చింది. పసుపు యార్డులో కాటా వేసే కోటయ్య ఊపిరితిత్తి నుంచి తీసిన ముక్క, కుళ్లకుండా ఒక్కరోజు ఉంచాల్సిన ఫార్మలిన్ మందు సీసాలో అయిదు రోజులు నానింది. అన్ని రోజులుంటే లోపలి డీఎన్‌ఏ తునకలైపోతుందని అక్కడ అందరికీ తెలుసు. తెలిసీ బొట్లు పెట్టించుకుని, పులిహోర తిని ఇళ్లకు పోయారు.

తర్వాత దాన్ని మైనంలో పోతపోసి, ఒక పొర కోసి, అందులోంచి తీసిన డీఎన్‌ఏను నాలో పెట్టారు. నేనేం చూపను? తప్పు జన్యువూ కనబడలేదు, ప్రతి మనిషిలోనూ ఉండితీరాల్సిన మామూలు జన్యువూ కనబడలేదు. అంటే పరీక్షే చెడింది. ఫెయిలని రాస్తే పరువు పోతుందని భుజంగరావు నెగెటివ్ అని రాసి సంతకం గీకాడు. ఆ తప్పు ఉందని తేలితే కోటయ్యకు రోజుకో మాత్ర ఇచ్చేవారు. లేదన్నారు గనుక కీమో మొదలుపెట్టారు. నెగెటివ్ అంటే మంచిదేననుకుని ఆయన భార్య నాంచారమ్మ లడ్డూలు తెచ్చింది. భుజంగరావు సిగ్గు లేకుండా రెండు తిన్నాడు.

ఆ గదిలో నేను గౌరవించేది టెక్నీషియన్ హైమవతిని ఒక్కదాన్నే. పాత గ్రాఫులు తిరగేస్తూ కోటయ్యది చూసి ఆగిపోయింది. "సార్, ఇది నెగెటివ్ కాదు. అసలు పరీక్షే జరగలేదు," అంది. నీ పని నువ్వు చూసుకోమన్నాడు. చూసుకుంది. పొడుగు ముక్కల కోసం వెతికే పాత పద్ధతి మానేసి, పొట్టి తునకల్ని కూడా పట్టే ప్రైమర్లనే రసాయనాలు తెప్పించింది. మైనంలో దాచిన అదే ముక్క నుంచి పొర కోసి, మూడుసార్లు నాలో నడిపింది. మూడుసార్లూ తప్పు బయటపడింది. గ్రాఫు పట్టుకుని నేరుగా కేన్సర్ డాక్టరు దగ్గరికే వెళ్లింది. మాత్ర రాశారు. అప్పటికే కీమో మొదలై నెలన్నర గడిచింది.

నాంచారమ్మ మా ల్యాబు కౌంటరు దగ్గరికొచ్చి, ఇప్పుడు పాజిటివ్ అంటున్నారేమిటని ఏడ్చింది. హైమవతి ఆమె చెయ్యి పట్టుకుని, "ఇదే మంచి కబురమ్మా. దీనికి మాత్ర ఉంది," అంది.

నాంచారమ్మ కళ్లు తుడుచుకుంది.

"మరి ఇన్నాళ్లూ ఆయనకెక్కించిన ఆ మందు దేనికమ్మాయ్? మనిషి లేచి నిలబడలేకపోతున్నాడే," అంది.

జవాబు తెలిసిన నాకు నోరు లేదు. పక్కనే ఉన్న, నోరున్న భుజంగరావు ఫోనొచ్చినట్టు సెల్లు చెవికి ఆనించుకుని బయటికి నడిచాడు.