అద్దెకిచ్చిన గోడలు

మా మరిది ఇల్లు కొన్నాడు, నాకు మనశ్శాంతి పోయింది.

అతను బస్సు నడుపుతాడు. ఉన్నదంతా ఊడ్చిపెట్టి, మిగతాది బ్యాంకులో అప్పు చేసి, అద్దెకివ్వడానికని రెండు గదుల పాత ఫ్లాటొకటి కొన్నాడు. అద్దె వస్తే వాయిదా కడతాడు. రాకపోతే జీతమంతా వాయిదాకే పోతుంది, ఇంట్లో పొయ్యి వెలగదు. నా టైలరింగు షాపు పైన మూడు పోర్షన్లున్నాయి, వాటిని అద్దెలకిచ్చీ ఇచ్చీ నా జుట్టు నెరిసింది. అందుకే బేరం కుదరకముందే సలహాకి నా దగ్గరికి వచ్చాడు. అడగడం వరకే అతని పని, వినడం మాత్రం అతని ఒంట్లో లేదు.

"కొనేముందు కింద ఫ్లాటువాళ్ళతో మాట్లాడు. పైనుంచి నీళ్ళు కారతాయో లేదో వాళ్ళకే తెలుస్తుంది" అన్నాను. మాట్లాడలేదు. ఇల్లు ఖాళీగా ఉండే నెలలకి కాస్త డబ్బు పక్కన పెట్టుకోమన్నాను. ఆ డబ్బుతో గోడలకి ఖరీదైన రంగు వేయించాడు. "అద్దెకున్నవాళ్ళ చేతికి తాళంచెవి ఇచ్చాక అది వాళ్ళిల్లు. పిలిస్తేనే వెళ్ళు" అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. అదీ పెడచెవిన పెట్టాడు.

అదృష్టం బాగుండి ఒక నర్సూ, ఆమె తల్లీ అద్దెకి దిగారు. నర్సుకి రాత్రి డ్యూటీలు, పగలు నిద్ర. అద్దె అడగకముందే పంపేది. అంతకన్నా ఏం కావాలి? అయినా మరిదికి కాలు నిలవదు. డ్యూటీ దిగితే చాలు, కాలుకాలిన పిల్లిలా అటే పరుగు. ఓసారి కుళాయి బిగించడానికి, ఓసారి కిటికీ గడియ చూడటానికి, ఇంకోసారి ఏ సాకూ లేకుండానే. వెళ్ళొచ్చాక నాకు ఫోను.

"వదినా, ముందు గదిలో మేకు కొట్టారు."

"కొట్టుకోనీ."

"రంగు పెచ్చు లేచింది వదినా."

"లేవనీ. ఇల్లు అద్దెకిచ్చావా, వాళ్ళని కాపలా పెట్టావా?"

ఆ మేకు కోసం ముసలావిడని నిలబెట్టి చీవాట్లు పెట్టాడని తర్వాత తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మంచి మనుషులు దొరికితే కళ్ళకద్దుకోవాలి గానీ ఇదేం బుద్ధి? చెబితే రెండు రోజులు తగ్గేవాడు, మూడోనాడు మళ్ళీ మామూలే. ఈమధ్య లోపలి గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటోందని కొత్త దిగులు పట్టుకుంది. అమ్మాయి పడుకుందని తల్లి చెప్పేదట. పగలు పడుకోక ఏం చేస్తుంది, రాత్రంతా రోగుల దగ్గర ఉండొచ్చిన పిల్ల?

ఒకరోజు కింద ఫ్లాటులో ఉండే డ్రాయింగు మాస్టారు మరిదికి ఫోను చేశాడు. ఆయన పడకగది స్లాబు నుంచి నీళ్ళు కారుతున్నాయట. మరిది నన్ను షాపులోంచి లాక్కుపోయాడు. కత్తిరించే గుడ్డ బల్లమీదే వదిలేసి వెళ్ళాను. దారిలో ప్లంబర్నీ ఆటోలో ఎక్కించుకున్నాం. మరిది గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాడు.

ముసలావిడ తలుపు తీసింది. అతను ఆవిడని దాటుకుని నేరుగా లోపలి గది తలుపు తోశాడు. మంచం లేదు. గోడకి ఆనించి ఒక్క బీరువా ఉంది. ప్లంబరూ అతనూ దాన్ని జరిపారు. వెనక గోడంతా ఉబ్బి, నల్లగా బూజుపట్టి, పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది.

"బాత్రూం పైపు లోపల పగిలింది. చాన్నాళ్ళ నుంచే కారుతోంది" అన్నాడు ప్లంబరు.

మరిది గొంతు పెరిగింది. "ఒక్క మాట చెప్పాలని తోచలేదా? నేను రోజూ వస్తూనే ఉన్నాగదమ్మా!"

"రోజూ వస్తున్నారనే చెప్పలేదు బాబూ" అంది ముసలావిడ. "మేకుకే అన్ని మాటలన్నారు. గోడే పోయిందంటే సామాను రోడ్డు మీద పడేస్తారని భయపడ్డాం."

"మరి పడుకునేది ఎక్కడ?" అన్నాను నేను.

ఆవిడ ముందు గదిలో చుట్టిపెట్టిన పరుపు చూపించింది. అప్పుడే వంటింట్లోంచి నర్సు బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మరిది తలుపు కొట్టినప్పుడల్లా ఆ పిల్ల నిద్రలేచి, పరుపు చుట్టేసి, అతను వెళ్ళేదాకా వంటింట్లో నిలబడేదట. రెండు గదులకి అద్దె కట్టి ఒక్క గదిలో కాపురమున్నారు.

మరిది గొంతు తగ్గింది. "గోడ బాగుచేయిస్తాను. అద్దె కూడా తగ్గిస్తాను. ఉండండమ్మా, మీరు వెళ్ళిపోతే నేను వాయిదా కట్టలేను."

"వేరే ఇల్లు చూసుకున్నాం సార్. ఈ నెలాఖరుకి వెళ్ళిపోతాం" అంది నర్సు. ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కోపమైతే నేను ఏదో సర్దిచెప్పేదాన్ని.

మరిది బీరువా పట్టుకుని నిలబడ్డాడు. ముసలావిడని అడిగాడు. "ఆ ఇంట్లో గోడలు పొడిగా ఉన్నాయా అమ్మా?"

"గోడలు చూడలేదు బాబూ" అంది ఆవిడ. "ఓనరు దూరంగా ఉంటాడట, ఎప్పుడూ రాడట. అడ్వాన్సు ఇచ్చేశాం."