మంజులత చేతి మీది సొట్ట

పొద్దున అయిదున్నరకల్లా కమలాకర్ మోపెడ్ బోరబండ గుట్ట దిగేది. వెనక చెల్లెలు మంజులత, ఆమె ఒళ్లో ఒక బకెట్. అందులో నీళ్లుండవు. స్ప్రే సీసాలు, ఉతికి మడతపెట్టిన మెత్తటి గుడ్డలు ఉంటాయి. మోపెడ్ ముందున్న రేకు మీద ఎర్ర అక్షరాలతో రాయించుకున్నాడు: ‘నీళ్లు లేకుండా కార్ వాష్. మీ ఇంటి దగ్గరికే వస్తాం.’

ఆ ఏడాది జూబ్లీహిల్స్‌లో బోర్లు ఎండిపోయాయి. హైటెక్ సిటీలో నెలకో అద్దాల మేడ లేస్తోంది. ఆ మేడల్లో పనిచేసేవాళ్ల ఇళ్ల ముందుకు కొత్త కార్లు వచ్చి నిలుస్తున్నాయి. వాటిని కడగడానికి మాత్రం ట్యాంకర్ కోసం ఎదురు చూడాలి. కమలాకర్ పనిచేసిన సర్వీసింగ్ సెంటర్ కూడా బోరు ఎండిపోయి మూతపడింది. పదిహేను రోజులు ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు అతనికి ఈ ఆలోచన వచ్చింది. పైపు పెట్టి కడిగితే కారుకు పది బకెట్లు పోతాయి. మందు కొట్టి తుడిస్తే గ్లాసెడు కూడా పట్టదు.

“దుమ్మును రుద్దొద్దు మంజూ, గుడ్డతోని లేపాలె,” అని చెల్లెలికి నేర్పాడు. “ఒక్క దిక్కుకే తుడువు. మడత మార్చుకుంట పో. గుండ్రంగ తిప్పినవంటే గీతలు పడ్తయ్.”

గీతలు పడ్డా పెద్ద ఫికరేం లేదు. మంజులత గీత మీద చెయ్యి ఆనించి, చాయ్ తాగేంతసేపు అట్లాగే ఉంచితే, ఆ గీత కారును వదిలి ఆమె చేతి మీదికి వచ్చేసేది. నెత్తురు రాదు, నొప్పి ఉండదు. కారు రంగులో సన్నటి చార మిగులుతుంది. రెండేళ్లలో ఆమె చేతులు మోచేతుల దాకా ఎరుపు, వెండి, తెలుపు చారలతో నిండిపోయాయి.

“మా గేటు గీసుకున్నది ఏదమ్మాయ్?” అని ఒక కారు యజమానురాలు విశాలాక్షిగారు కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికేవారు.

“ఇదేనమ్మా, మణికట్టు కాడిది.”

“శుభ్రంగా వచ్చేసిందే,” అని తృప్తిపడి లోపలికి వెళ్లిపోయేవారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా ఏ చార ఏ కారుదో అడిగి తెలుసుకుని, చాయ్ తాగి, మళ్లీ కబురు పెట్టకుండా పోయేవాళ్లు.

మార్చి చివర్లో ఒక ఉదయం, ఇంకా బోరబండ దాటకముందే కమలాకర్ ఫోన్ మోగింది. ఫిలింనగర్ నుంచి ప్రొడ్యూసర్ వెంకటేశ్వరరావు. ఆయన సినిమాలు తీసి పోగొట్టుకున్నది రాబట్టుకోవాలని కొడుకు అద్వైత్‌తో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టించాడు. ఆ కంపెనీ కార్లన్నీ తుడిచే పని తనకివ్వమని కమలాకర్ మూడు నెలలుగా ఆయన చుట్టూ తిరుగుతున్నాడు.

“కమలాకర్, మీ చెల్లెల్ని తీసుకుని ముందు మా ఇంటికి రావయ్యా. మిగతా ఇళ్లు తర్వాత చూసుకో.”

గేటు లోపల నల్ల కారు, దాని మీద కవరు. వెంకటేశ్వరరావే స్వయంగా కవరు తీశాడు. బానెట్ మూల మీద పెద్ద సొట్ట, దాని కింద బెత్తెడు పొడుగు గీత. అద్వైత్ మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

“కుక్క అడ్డమొచ్చిందటమ్మా,” అన్నాడు వెంకటేశ్వరరావు. “అది కాస్త తీసేస్తే కంపెనీ కార్లన్నీ రేపటి నుంచి మీవే.”

మంజులత వంగి చూసింది. బంపర్ మీద ఎండిన తెల్లటి చుక్కలున్నాయి. గుడ్డతో తుడిచి వాసన చూసింది. పాలు. నంబర్ ప్లేటు మూలకు ఖాకీ గుడ్డ పీలిక ఒకటి వేలాడుతోంది.

“అన్నా,” అంది మెల్లగా. “కుక్క ఖాకీ బట్టలు తొడుక్కుంటదా?”

కమలాకర్ ఆమెను గోడ పక్కకు తీసుకెళ్లాడు. “మనం చూసినమా? మనకేం ఎరుక? నలభై కార్లు మంజూ. ఇగ ఇంటింటికీ తిరిగే పని ఉండదు. జర చెయ్యి పెట్టు.”

“మనిషిని గుద్దిండు.”

“గుద్దితే దవాఖానకు వాళ్లే తీస్కపోయుంటరు. నువ్వు చెయ్యి పెట్టు.”

ఆమె అన్న ముఖం చూసింది. అతను పొద్దున తిన్నాడో లేదో కూడా ఆమెకు తెలుసు. సొట్ట మీద చెయ్యి పెట్టింది. ఈసారి చాయ్ తాగేంతసేపు సరిపోలేదు. గంట పట్టింది. బానెట్ అద్దంలా సాఫీగా అయ్యేసరికి, మోచేతి కింద నిమ్మకాయ పట్టేంత గుంట, దాని పక్కన నల్లటి చార మిగిలాయి. ఆమె చెయ్యి తీస్తుండగానే గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. ఎస్సై కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో బానెట్ నిమిరి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత, వెంకటేశ్వరరావు ఇంటికి రెండు వీధుల అవతల ఒక అపార్ట్‌మెంట్ ముందు మంజులతకు బుచ్చమ్మ కనిపించింది. మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన గిన్నెలు, చాప, బట్టల మూట. ఆమె భర్త రాములు ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. ఆ రోజు తెల్లవారుజామున అందరి ఇళ్లకూ పాల ప్యాకెట్లు తేవడానికి సైకిల్ మీద వెళ్లాడు. రోడ్డు మీద పడి ఉంటే ఎవరో ఆస్పత్రిలో చేర్చారు. మూడో రోజు పోయాడు.

“తాగి సైకిల్ మీదికెల్లి పడ్డడని రాసిండ్రు బిడ్డా,” అని బుచ్చమ్మ పోలీసులిచ్చిన కాగితం చూపించింది. “పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టినోడు కాదు. తాగుబోతోని పెండ్లానికి అర్ర ఇయ్యనని సెక్రటరీ సారు సామాన్లు బయటేయించిండు.”

మంజులత గుడ్డలు బకెట్లో వేసి, అన్న దగ్గరికి నడిచింది.

“నేను స్టేషన్‌కు పోతున్న.”

“పిచ్చి లేసిందా? పని మొన్ననే షురూ అయింది. పోతే ఇద్దరం మళ్లీ ఇంట్ల కూసోవాలె.”

“నువ్వు కూసో అన్నా,” అంది మంజులత.

బుచ్చమ్మను వెంటబెట్టుకుని వెళ్లింది. ఎస్సై విసుక్కున్నాడు.

“కారు చూసిన గదమ్మా. ఒక్క గీత లేదు.”

“గీత నా కాడుంది సార్,” అని చెయ్యి బల్ల మీద పెట్టింది.

ఎస్సై చూశాడు. పెరట్లో పడున్న రాములు సైకిల్ తెప్పించాడు. హ్యాండిల్ కొస ఆమె చేతి గుంటలో పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చుంది. టేపు పెట్టి కొలిచి, రైటరుకు చెప్పి రాయించాడు. తర్వాత పెన్నుతో చెవి గోక్కున్నాడు.

“సొట్ట దొరికింది. మంచిదే. కానీ ఎవరి మీద దొరికితే వాళ్ల పేరే రాయాలె. ఆ కారు మీద ఏం లేదు. ఆ పిలగాని పేరు ఎట్ల రాయమంటవ్?”

“నాకు కారు నడపనీకే రాదు సార్.”

“అది కోర్టుల చెప్పుకో.”

మంజులత వెనక్కి తిరిగింది. బుచ్చమ్మ తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉంది.

“నా పేరు రాస్తే, తాగి పడ్డడన్న మాట కొట్టేస్తరా?”

“కొట్టెయ్యాలె మరి. గుద్దితే పడ్డట్టు గదా.”

“అయితే రాయుండ్రి.”

కొత్త కాగితం తయారయ్యేసరికి మధ్యాహ్నమైంది. బుచ్చమ్మ దాన్ని కానిస్టేబుల్‌తో రెండుసార్లు చదివించుకుంది. తాగుడు మాట లేదు. గుద్దిన మనిషి పేరు దగ్గర మంజులత అని ఉంది. బుచ్చమ్మ ఆమె చేతి వంక చూస్తూ నిలబడింది.

“ఆ పొద్దు నువ్వు చెయ్యి పెట్టకపోతే గీడ వాని పేరుంటుండె.”

“ఉంటుండె అమ్మా.”

“నీకు దండం పెట్టబుద్ధి అయితలేదు బిడ్డా. తిట్టబుద్ధి గూడ అయితలేదు.”

కాగితం మడిచి నడుముకు దోపుకుని, బుచ్చమ్మ ఎండలోకి నడిచింది. సెక్రటరీ ఆ గదిని ఇంకెవరికీ ఇవ్వకముందే చూపించాలని ఆమె ఆత్రం. గేటు అవతల కమలాకర్ మోపెడ్ ఉందేమోనని మంజులత కిటికీలోంచి చూసింది. లేదు.

“లోపలికి నడువమ్మా,” అన్నాడు కానిస్టేబుల్.

మంజులత లేచింది. అప్పటికి ఆమెకు ఇరవై మూడేళ్లు.