రెండోసారి అడిగితే

స్టెల్లా అమలాపురంలో ఒక బీఈడీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతుంది. వికాస దశలు ఆమెకు కొట్టినపిండి. ఏ వయసు పిల్లలకు ఎంత బుద్ధి ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పిల్లలు చెప్పేది వినడమే కాస్త తక్కువ.

ఆ వేసవిలో రాజోలు నుంచి అన్న శ్యామ్ సుందర్ కూతురు సలోమిని తెచ్చి, కాబోయే టీచర్ల ముందు నిలబెట్టింది. ఆరో ఏడు నడుస్తున్న పిల్ల. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా కొబ్బరినీళ్ళు పోసి చూపించి, ఒకదాన్ని సన్నటి పొడుగు గ్లాసులోకి వంపింది.

"ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయమ్మా?"

"రెండూ ఒకటేనండీ అత్తయ్యగారూ."

పుస్తకం ప్రకారం ఆ వయసు పిల్లలు పొడుగు గ్లాసులోనే ఎక్కువ అనాలి, ఆ మాట రాకూడదు. గుడ్డిదెబ్బ అనుకుంది స్టెల్లా. "సరిగ్గా చూసి చెప్పు. ఎందులో ఎక్కువ?"

సలోమి గ్లాసుల వంక కాదు, అత్త మొహం వంక చూసింది. మెల్లగా పొడుగు గ్లాసు మీద వేలు పెట్టింది. క్లాసంతా నవ్వింది. పాఠం పుస్తకంలో ఉన్నట్టే కుదిరిందని స్టెల్లా మురిసిపోయింది.

అక్కడితో ఆగినా బాగుండేది. "దానికింకా ఆ దశ రాలేదన్నయ్యా, ఒకటో తరగతికి తొందరేం?" అంది. చదువుకున్న చెల్లెలి మాట అన్నకు వేదవాక్కు. జూన్‌లో తోటిపిల్లలంతా ఒకటో తరగతికి వెళ్ళారు. సలోమి మళ్ళీ యూకేజీలోనే కూర్చుంది.

దసరా సెలవుల్లో స్టెల్లా పూతరేకులు పట్టుకుని అన్న ఇంటికి వచ్చింది.

"తింటావా?"

"వద్దండీ."

"ఒక్కటి తినవే."

"ఆయ్, తింటానండీ."

స్టెల్లాకు నవ్వొచ్చింది. "మరి ముందు వద్దన్నావేం?"

"అడగ్గానే తీసుకోకూడదండీ. పెద్దవాళ్ళు మళ్ళీ అడిగితే మాట మార్చుకోవాలండీ. లేపోతే చిన్నబుచ్చుకుంటారని అమ్మ చెప్పిందండీ."

ఈ మర్యాద స్టెల్లా కూడా ఈ ఇంట్లోనే నేర్చుకుంది. ఆమె నవ్వు ఆగిపోయింది. "మరి ఆ రోజు కొబ్బరినీళ్ళు?"

"రెండూ ఒకటేనండీ. మీరు మళ్ళీ అడిగేరు కదండీ."

స్టెల్లాకు తల కొట్టేసినట్టయింది. పిల్ల సరిగ్గానే చెప్పింది. అలాంటి పిల్లను నలుగురిలో నవ్వులపాలు చేసి, ఏడాది వెనక కూర్చోబెట్టింది తన పాండిత్యం. తప్పు తనదేనని అన్నకూ బడివాళ్ళకూ చెప్పుకోవాలి. అంతకంటే ముందు ఈ పిల్లకు చెప్పుకోవాలి. సిగ్గుపడుతూనే పిల్లను దగ్గరికి తీసుకుంది.

"నా మీద కోపంగా ఉందా తల్లీ?"

"లేదండీ."

అంత తేలిగ్గా వదిలేసిందంటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. "నిజం చెప్పు. కోపం లేదూ?"

సలోమి అత్త మొహంలోకి చూసింది.

"ఉందండీ."

ఏది నిజమో మూడోసారి అడగడానికి స్టెల్లాకు మొహం చెల్లలేదు.