సౌదీ గడ్డం పువ్వు

వంట గిన్నెలు కడగడం అయిందంటే కోరుట్ల పక్కన ఆ ఊళ్లో ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చుంటారు. శ్రీలత చేతులూ బీడీలే చుడతాయి గానీ మనసు సౌదీలో ఉంటుంది. ఆమె భర్త దేవేందర్ అక్కడ గుట్టల మీది చల్లటి ఊళ్లో ఒక అరబ్బు సేటు తోటలో మాలి. ఇంటికి పోతానన్నందుకు సేటు అతని పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళమేశాడు, ఫోనూ లాక్కున్నాడు. ఇక్కడ బిడ్డ పుట్టి, నడక నేర్చి, వాకిలంతా తిరుగుతోంది. తండ్రిని ఇంకా చూడనే లేదు.

సెలవు మీద వచ్చిన తోటి పనివాడు మొగిలి చేత దేవేందర్ ఒక దుంప పంపాడు. సేటు తోటలోని ఐరిస్ అనే పూలమొక్క నుంచి విరిచిన ముక్క. దుంప వీపు ఎండకు కనబడేలా పైపైన నాటమని చెప్పాడట. మొగిలి ఆ మాట విమానంలోనే మరిచాడు. పసుపు పండే ఊళ్లో కొమ్ములా కనబడిందల్లా పసుపే మరి! శ్రీలత దాన్ని లోతుగా పాతి, పసుపుకు చేసినట్టే మట్టి ఎగదోసింది. ఆకులొచ్చాయి, పువ్వు రాలేదు. చివరికి పక్కింటి సత్యవ్వ కోడి ఆ మట్టినంతా గీకి పారేసి పుణ్యం కట్టుకుంది. ఎండ తగిలిన దుంప నడుమెత్తు కాడ వేసి, పళ్లెమంత ఊదా పువ్వు పూసింది. కింది రేకులకు పసుపుపచ్చ గడ్డం.

పూసిన పొద్దున్నే పువ్వులోంచి దేవేందర్ పలికాడు.

"శ్రీలతా, ఇంటున్నవా?"

"ఇంటున్ననయ్యా. ఎట్లున్నవ్? తిన్నవా?"

"తిన్న. సేటు పంపనంటుండు. గీ పువ్వులున్నన్ని రోజులే మన మాటలు. రాలితే మల్ల ఏడాదికే."

దుంప ఒకటే కదా, అక్కడి మాట ఇక్కడికి రాక ఎక్కడికి పోతుంది? శ్రీలత ఏడ్చింది ఆ కబురుకే. కోడిని వెతుక్కుంటూ వచ్చిన సత్యవ్వ అంతా వింది. ఆమె నోటికి మెట్‌పల్లి మార్కెట్లో దళారులే దారిస్తారు.

"ఏడ్తె ఇంటడా వాడు? జరుగు బిడ్డా," అని కొంగు నడుముకు చెక్కి పువ్వు మీదికి వంగింది. "ఓ సేటూ! నీ నోట్లె మన్ను వడ! పెండ్లాం పిల్లలు నీకే ఉన్నరా? మా పిలగాన్ని తోలుతవా, నన్ను రమ్మంటవా?"

సాయంత్రానికి వాకిట్లో ఆడవాళ్లు వరుస కట్టారు. ఏజెంటు ముంచినామె తిట్టింది. భర్త పెట్టెలో తిరిగొచ్చినామె, అన్నాళ్లూ నోరు విప్పనిది, అందరికంటే గట్టిగా తిట్టింది. పాపం సేటు, చేయని తప్పులకు కూడా తిట్లు తిన్నాడు. అక్కడ సౌదీ తోటలో ఉన్న పువ్వులన్నీ ఒక్క గొంతుతో అరిచాయి. సేటు ఇంటికొచ్చిన చుట్టాలు లేచి వెళ్లిపోయారు. అతను పువ్వు కోస్తే, అదే కాడకున్న మరో మొగ్గ విచ్చుకుని తిట్టు ఆగిన చోటునుంచి అందుకుంది. తిట్టుకు తర్జుమా అక్కర్లేదు.

"సత్యవ్వా, ఇగ సాలు!" ఒకరోజు పువ్వులో దేవేందర్ పగలబడి నవ్వాడు. "పాస్‌పోర్టు చేతుల వెట్టిండు!"

"టికెట్ గూడ వాణ్నే కొనుమను," అంది సత్యవ్వ. కొన్నాడు.

దేవేందర్ ఆటో దిగేసరికి చాటలన్నీ కింద పడ్డాయి, తునికాకు చెల్లాచెదురైంది. కొత్త మనిషిని చూసి బిడ్డ తల్లి వెనక దాక్కుంది. "నేనే బిడ్డా, మీ నాయినను," అన్నాడతను. పువ్వులో రోజూ విన్న గొంతే. పిల్ల ఉరికొచ్చి మెడకు చుట్టుకుంది. శ్రీలత అందరి ముందూ, సిగ్గుపడకుండా, సంతోషంతో ఏడ్చింది.

తర్వాత ఆ దుంపను ముక్కలు చేసి గల్ఫుకు పోయేవాళ్లకు పంచారు. గల్ఫుకని బస్సెక్కుతున్న ఊరి కుర్రాడు అఖిల్ సంచిలో సత్యవ్వ తన చేత్తోనే ఒకటి పెట్టింది.

"ఫోను గుంజుకుంటే గుంజుకోనీ కొడుకా," అంది. "గిది నాటు. మేమందరం ఈడనే ఉన్నం."