నమూనా డబ్బా

టీచరమ్మ వెళ్ళిన అరగంటకు గానీ కొట్టాయనకు ఆ సంగతి తట్టలేదు. కౌంటరు పక్కన బకెట్టు ఉంది, అందులో ముంచి చూపించే డబ్బా లేదు.

ఆయనది కయాక్‌ల, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవల సామాను అమ్మే కొట్టు. నదిలో మూడు రోజుల ప్రయాణంలో పక్షుల ఫొటోలు తీయడానికి నీళ్ళలో పడినా చెడని చిన్న కెమెరా చాలనుకుని వచ్చిందావిడ. ఈయనే మనసు మార్చాడు. "దాంతో తీస్తే కొంగలు చీమల్లా కనబడతాయమ్మా. మీ తమ్ముడి పెద్ద కెమెరా తెచ్చుకోండి, తడవకుండా డబ్బా నేనిస్తాను." తమ్ముడు పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాడు; వాడి బతుకుతెరువే ఆ కెమెరా. కాగితం ముక్క లోపల పెట్టి, మూసి, బకెట్లో ముంచి తీసి చూపిస్తే ఆవిడ ముచ్చటపడి, "ఇదే ఇచ్చేయండి" అంది. బేరం కుదిరిన హుషారులో తుడిచి ఇచ్చేశాడు. తమ్ముడి దగ్గర కెమెరా తీసుకుని అట్నుంచటే రేవుకు వెళతానని చెప్పి వెళ్ళిందావిడ. రోజుకు పదిసార్లు తీసి మూసే నమూనా అది. మూత చుట్టూ ఉన్న రబ్బరు వాషర్ ఎంత అరిగిందో ఏనాడు చూశాడు గనుక?

"ఇందాక ముంచితే కారలేదుగా," అంది భార్య.

"ఇందాక కారలేదు. రేపో?"

"ఏమీ కాదులెండి. కాస్త కూర్చోండి."

"కూర్చోలేనే."

కొత్త డబ్బా ఒకటి సంచిలో వేసుకుని రేవుకు బండి తీశాడు. దారి పొడవునా బుర్రలో కూడికలూ తీసివేతలూ. తడిస్తే తమ్ముడి పని పోతుంది, తన మాట పోతుంది. తిరిగి వెళ్ళిపోతే, తప్పు తనదని ఎవరికీ తెలియదు కూడా. ఆ లెక్క దగ్గరికొచ్చేసరికి బండి ఇంకాస్త వేగం పెంచాడు.

రేవులో ఆవిడ అప్పుడే కయాక్‌లో కాలు పెట్టబోతోంది.

"అమ్మా, ఆగండి. వాడేసిన డబ్బా ఇచ్చాను పొరపాటున. ఇది తీసుకోండి."

ఆవిడ పాత డబ్బా తెరిచి కెమెరా బయటికి తీసింది. వాషర్ మీద గోరు జరిపింది. ఒకచోట చీలికలో గోరు చిక్కుకుంది.

"కొత్తదాన్ని మాత్రం ఎలా నమ్మను? ముంచి చూపించండి."

"కాగితం ఉందా?"

"కాగితమెందుకు, మీ ఫోన్ పెట్టండి."

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. వ్యాపారమంతా ఆ ఫోన్‌లోనే ఉంది. పెట్టాడు. మూత బిగించి, మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, డబ్బా మునిగేలా అదిమిపట్టాడు.

"ఎంతసేపమ్మా?"

"నా మనసు కుదుటపడేదాకా."

అంతలో చేతుల్లో డబ్బా గుర్రుమంది. లోపల ఫోన్ వెలగడం అద్దంలాంటి మూతలోంచి కనబడింది.

"మీ ఆవిడేనా?"

"ఆవిడే. ఎత్తకపోతే కంగారుపడుతుంది."

"మోగనివ్వండి," అంటూ టీచరమ్మ కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున చతికిలబడింది. "మోగుతున్నంతసేపూ తడవనట్టేగా."