షీబా కూర్చున్న గడప

పద్నాలుగేళ్ల పట్టాళం నౌకరీ ముగించుకుని వెంకట్రాజం వరంగల్ స్టేషన్‌లో దిగినప్పుడు అతని దగ్గర ఒక ట్రంకుపెట్టె, యుద్ధంలో పాల్గొన్నందుకిచ్చిన మెడల్, ఎవరి ముందూ వంగని నడుము ఉన్నాయి. పెట్టె అటకెక్కింది, మెడల్ పెట్టెలోకి చేరింది. నడుము మాత్రం పోలీసు ఉద్యోగంలో పనికొస్తుందని అమాయకంగా అనుకున్నాడు. మాజీ సైనికుల కోటాలో కానిస్టేబుల్‌గా చేరిన రోజు నర్సంపేట దగ్గరి తన పల్లెలో అందరికీ మిఠాయి కూడా పంచాడు.

పట్టాళంలో అతని చేతికి తుపాకీ కంటే కుక్కనే ఎక్కువ కాలం ఇచ్చారు. డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయాక సరిహద్దు పొలాల్లో పాతిన మందుపాతరలను వాసన పట్టే కుక్క వెంట నడవటం అతని పని. కుక్క ఒకచోట కూర్చుందంటే ఆ మట్టి కింద చావు ఉన్నట్టే. కూర్చోకుండా ముందుకు పోయిందంటే వెనక వచ్చే జవాన్లు నిశ్చింతగా అడుగు వేయవచ్చు. నేర్పిన ఉస్తాద్ మొదటి రోజే ఒక సంగతి గట్టిగా చెప్పాడు. కుక్క ముక్కును నమ్ము కానీ నీ మనసులో ఉన్నది దానికి తెలియనివ్వకు, తెలిసిందంటే అది నేలను వదిలేసి నీ మొహం చూడటం మొదలుపెడుతుందన్నాడు. ఆ మాటను వెంకట్రాజం దేవుడి మాటలాగా పట్టుకున్నాడు. అతను నడిపించిన కుక్కల వెనక నడిచి ఒక్క మనిషి కూడా కాలు పోగొట్టుకోలేదు.

ఆ సంగతి కాగితాల్లో చూసే పోలీసు పెద్దలు అతనికి షీబాను అప్పగించారు. నల్లటి వీపు, నిటారు చెవులు ఉన్న ఆడ ఆల్సేషియన్ అది. వెంకట్రాజం భార్య సరోజన, పట్టాలంల కుక్కలే, ఇక్కడా కుక్కలే, నన్ను చేసుకునుడు దేనికని మూతి ముడిచింది గానీ, నెల తిరగకముందే షీబాకు అన్నం కలపకుండా తాను ముద్ద ముట్టేది కాదు. పిల్లలు లేని ఇల్లు. పోలీస్ లైన్‌లోని ఆ రెండు గదుల్లో నవ్వు వినిపించిందంటే అది షీబా వల్లనే.

షీబా పేరు వరంగల్ ధాన్యం మండి అంతటా పాకింది. రైల్వే క్వార్టర్లలో ఇత్తడి బిందెలు పోతే చెత్తకుప్పలో దాచినవి తవ్వి చూపింది. నూలు దుకాణంలో దొంగతనం జరిగితే నేరుగా పోయి గుమాస్తా ముందు కూర్చుంది, వాడు అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత జనం ఇళ్లలో చెంచా పోయినా షీబాను పిలుస్తామని బెదిరించుకునేవాళ్లు. పోలీసు మాట నమ్మని వాళ్లు కూడా పోలీసు కుక్కకు చేతులు జోడించేవాళ్లు. వెంకట్రాజాన్ని స్టేషన్‌లో అందరూ మిలిటరీ అని పిలిచేవాళ్లు. ఎవరి దగ్గరా చాయ కూడా తాగని మనిషికి అంతకంటే పెద్ద తిట్టు వాళ్లకు దొరకలేదు.

ఎనభై ఒకటి ఎండాకాలంలో మండి వెనక వీధిలో ఒక బియ్యం సేటు ఇంట్లో బంగారం పోయింది. పొద్దున్నే వెంకట్రాజం షీబాను తీసుకుని వెళ్లాడు. తెరిచి ఉన్న బీరువాలోని చీర వాసన చూసి షీబా వెనక వాకిట్లోకి పోయింది, బావి చుట్టూ ఒకసారి తిరిగింది, మళ్లీ ఇంట్లోకే వచ్చి మెట్లెక్కి మేడ మీద సేటు తమ్ముడి గది ముందు కూర్చుంది. వెంట వచ్చిన ఇన్‌స్పెక్టర్‌ను సేటు లోపలికి తీసుకెళ్లాడు. బయటికొచ్చేటప్పటికి ఇన్‌స్పెక్టర్ మొహం చల్లబడి ఉంది. కుక్కకు జలుబు చేసినట్టుంది, సాయంత్రం మళ్లీ తిప్పుదామని పైకి అన్నాడు.

మిగిలిన మాట జీపులో చెప్పాడు. ముందురోజు ఆ ఇంటికి బియ్యం బస్తాలు మోసుకొచ్చిన మొగిలి అనే హమాలీ ఉన్నాడు. కరీమాబాద్‌లో ఉంటాడు, కల్లు తాగుతాడు, వాడి తరఫున మాట్లాడే దిక్కు లేదు. కుక్కకు మనుషుల పేర్లు తెలియవు సార్ అని వెంకట్రాజం అన్నాడు. ఇన్‌స్పెక్టర్‌కు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

"చూడు మిలిటరీ, నువ్వు తుపాకీ పట్టిన మనిషివి. ఏటూరునాగారం అడవిలో నక్సలైట్ల వేటకు అలాంటి వాళ్లు చాలా అవసరం. కుక్కను నడపటానికి ఎవరో ఒకరు దొరుకుతారు."

ఆ మధ్యాహ్నం వెంకట్రాజం ఇంట్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. అడవికి పోవటానికి అతనికి భయం లేదు. షీబాను కర్రతో కొట్టే ఏ తాగుబోతు చేతికో ఇస్తారన్నదే అతని భయం. సరోజన మొహం చూడాలన్నా భయమే. తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. సొమ్ము దొరకకపోతే కేసు నిలవదు, రెండు దెబ్బలు వేసి వదిలేస్తారు, హమాలీకి రెండు దెబ్బలు ఒక లెక్కా అనుకున్నాడు. నిక్కచ్చి మనిషి తనను తాను మోసం చేసుకోవటం మొదలుపెడితే ఎంత తొందరగా నేర్చుకుంటాడో చూడండి.

సాయంత్రం వీధి నిండా జనం. సేటు ఇంటి నుంచి వెంకట్రాజం తోలుపట్టాను కురచగా పట్టి కరీమాబాద్ వైపు మళ్లించాడు. షీబాకు అర్థం కాలేదు. వెనక్కి లాగింది, ఆగింది, తలెత్తి చూసింది, మళ్లీ నడిచింది. మొగిలి గుడిసె ముందు వెంకట్రాజం ఏమీ చేయలేదు, ఊరికే నిలబడ్డాడు. షీబా గడప వాసన చూసింది. అందులో ఏమీ దొరకనట్టు తలెత్తి అతని మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకోలేదు. షీబా నెమ్మదిగా కూర్చుంది.

జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. పట్టిచ్చిన కుక్కను మెచ్చుకోవటం రివాజు. మెచ్చుకోకపోతే అందరికీ అనుమానం వస్తుంది. అందుకని వెంకట్రాజం వంగి దాని తల నిమిరి, జేబులోని మాంసం ముక్క నోటికందించి, శాబాష్ అన్నాడు. వంగని నడుము ఆ రోజు అలా వంగింది.

గడప లోపల మొగిలి పెళ్లాం కట్టమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏం జరిగిందో ఆమెకు తెలియక ముందే, ఎండలో నడిచి వచ్చిన కుక్క రొప్పుతోందని గిన్నెలో నీళ్లు పోసి దాని ముందుకు జరిపింది. అప్పుడే పని నుంచి వచ్చిన మొగిలి మూగిన జనాన్ని, పోలీసులను, కూర్చున్న కుక్కను చూశాడు. నేను తీయలేదని అరవలేదు. కుక్కనే చూస్తూ జీపెక్కాడు.

సొమ్ము దొరకలేదు. కేసు నిలవలేదు. ఆ ఒక్క లెక్క వెంకట్రాజం అనుకున్నట్టే జరిగింది. మొగిలిని వదిలేసేటప్పటికి కుడి భుజం పైకి లేవటం లేదు. దవాఖానలో కట్టు కట్టారు గానీ బస్తా మోసే భుజం మళ్లీ రాలేదు. వచ్చినా మండిలో దొంగను ఎవరు పిలుస్తారు. సేటు తమ్ముడు వ్యాపారమని హైదరాబాద్ వెళ్లిపోయాడు, ఆ ఇంట్లో బంగారం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

షీబా కూడా పోయింది. ప్రాణం కాదు, ముక్కు పోయింది. తర్వాత ఏ దొంగతనానికి తీసుకెళ్లినా నాలుగడుగులు వేసి వెంకట్రాజం మొహం చూసేది. అతను ఆకాశం వైపు చూసినా, కళ్లు మూసుకున్నా, ఆగి ఎదురుచూసేది. ఎక్కడ కూర్చోమంటావని అడుగుతున్నట్టు ఉండేది. ఎవరి కోసం అబద్ధమాడాడో ఆ కుక్కనే అబద్ధం తినేసింది. ఇన్‌స్పెక్టర్ మాత్రం కుక్క ఇప్పుడు దారికొచ్చిందని సంతోషించాడు.

ఒక ఆదివారం పొద్దున మొగిలి పోలీస్ లైన్‌కు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మెట్టు కింద నేల మీద కూర్చున్నాడు. సరోజన ఇచ్చిన చాయ ఎడమ చేత్తో పట్టుకుని తాగాడు. పక్కన పడుకున్న షీబాను భక్తిగా చూశాడు.

"ఒక్క ముచ్చట అడుగుదమని అచ్చిన సారూ. కుక్క దానంతట అదే కూసున్నదా?"

మొగిలి నేల చూస్తూ చెప్పుకుంటూ పోయాడు.

"నేను తియ్యలేదనే అనుకున్న. ఠాణల ఎంత కొట్టినా గదే చెప్పిన. గని గా దినం బాగ తాగిన. ఇంటికెట్ల వోయిన్నో యాదికి లేదు. తాగినంక తీసి యాడనన్న దాసిన్నేమో. నోరులేని జీవి, దానికి నా మీద పగేముంటది? నువ్వొక్కమాట చెప్తె నా మనసు కుదురుతది."

నిజం నాలుక చివరి దాకా వచ్చింది. గుమ్మంలో సరోజన నిలబడి ఉంది. వరుసగా ఉన్న క్వార్టర్లలో అటూ ఇటూ కిటికీలు తెరిచి ఉన్నాయి. నేనే కూర్చోబెట్టానని ఒక్క మాట అంటే చాలు, ఉద్యోగం, కుక్క, పరువు అన్నీ ఆ మెట్ల మీదే పోతాయి. మందుపాతరల మధ్య నడిచిన మనిషి ఆ ఒక్క మాటకు భయపడ్డాడు.

"అదే కూసున్నది మొగిలీ" అన్నాడు.

మొగిలి తల ఊపాడు. చాలా రోజుల తర్వాత నిద్ర దొరికిన వాడిలా అతని మొహం తేరుకుంది. వంగి షీబా పాదాలు తాకి వెళ్లిపోయాడు. పాపం, తాగుడు ఎంత పని చేసిందని సరోజన నిట్టూర్చింది.

వారం తిరక్కముందే తోటి కానిస్టేబుల్ నవ్వుకుంటూ ఒక సంగతి చెప్పాడు. ఆ హమాలీకి పిచ్చి పట్టింది, ఇల్లంతా తవ్వుకుంటున్నాడట. వెంకట్రాజం చేతిలోని చాయ కింద పెట్టేశాడు. డ్యూటీ వదిలి, సైకిల్ మీద, యూనిఫారంతోనే కరీమాబాద్ పోయాడు. పోతే పోనీ, ఉద్యోగం పోనీ, అన్నీ పోనీ అనుకుంటూ తొక్కాడు.

గుడిసె ముందు చెట్టు కింద కుండలు, బొంత, నిద్రపోతున్న చంటిపిల్ల ఉన్నాయి. లోపల పొయ్యి లేదు. నేలంతా గుంతలే. ఒక గోడ అడుగు దాకా తవ్వటంతో పైకప్పు ఒక పక్కకు ఒరిగింది. నడుములోతు గుంతలో మొగిలి ఎడమ చేత్తో గడ్డపార పొడుస్తున్నాడు. కట్టమ్మ తట్టతో మట్టి ఎత్తి బయట పోస్తోంది.

వెంకట్రాజం గుంత అంచున నిలబడి అంతా చెప్పేశాడు.

"నువ్వు తియ్యలేదు మొగిలీ. కుక్క నీ గడప కాడికి రాలే. నేను తోలుకొచ్చిన. నేను ఆగితే అది కూసున్నది. ఇన్‌స్పెక్టర్ చెప్పిండు, నేను చేసిన. తప్పు నాది."

మొగిలి గడ్డపార ఆపి అతన్ని చూశాడు. వెంకట్రాజం తిట్టు కోసం, దెబ్బ కోసం ఎదురుచూశాడు. మొగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నీది మంచి మనసు సారూ. నా బతుకు జూసి గట్లంటానవు. దయకు మనిషి అబద్ధమాడుతడు. కుక్కెందుకాడుతది?"

ఒట్టు పెట్టాడు వెంకట్రాజం. తన తల్లి మీద, షీబా మీద ఒట్టు పెట్టాడు. మొగిలి వినటం లేదు. చివరికి కట్టమ్మ వైపు తిరిగి, నువ్వన్న నమ్ము చెల్లే అని బతిమాలాడు. కట్టమ్మ తట్ట దించి, కొంగుతో చెమట తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"దొరికితె సేటుకిచ్చి కాళ్లు మొక్కుతం. మల్ల మండిల పనిస్తడు. నువ్వు నిలవడ్డ కాడ ఇంక తవ్వలేదు సారూ. జర జరుగుండ్రి."

వెంకట్రాజం పక్కకు జరిగాడు. మొగిలి వచ్చి, అతను నిలబడిన చోట గడ్డపార దించాడు.