పక్కకు వంగిన ఫ్రేము

పంక్చరు వేస్తున్న సైకిల్ మెకానిక్ తలెత్తేసరికి ఎదురుగా భార్య నిలబడి ఉంది. మోకాలికి చేతిరుమాలు కట్టుకుంది. ఆ రుమాలు ఆమెది కాదు, తనదీ కాదు. ఆమె వెనకే ఒకతను వంకరపోయిన సైకిల్ని భుజాన మోసుకొచ్చి షాపు గుమ్మంలో దించాడు.

"మా కటింగ్ మాస్టరు," అంది భార్య. "మూల తిరుగుతుంటే ఎదురొచ్చాడు, గుద్దేశాను. తప్పు నాదే. ఈ బండి మీరే బాగుచెయ్యాలి."

ఆమె బట్టల ఫ్యాక్టరీలో మిషను కుడుతుంది. అతను అక్కడే గుడ్డ కత్తిరిస్తాడు. అతని సంగతులు మెకానిక్ అప్పటికే కావలసినదానికంటే ఎక్కువ విని ఉన్నాడు. మాస్టరు ఇలా అన్నాడు, అలా నవ్వించాడు అని భోజనాల దగ్గర ఆమె చెబుతుంటే ముద్ద మింగుడుపడేది కాదు. ఎవరో బట్టతల పెద్దమనిషి అయి ఉంటాడులే అని సరిపెట్టుకునేవాడు. తీరా చూస్తే నెత్తి నిండా ఒత్తయిన జుట్టు.

"తొందరేం లేదన్నా," అన్నాడు మాస్టరు. "ముందు వదిన దెబ్బ సంగతి చూడు."

"నాకేం కాలేదులే మరిదీ," అని ఆమె నవ్వింది.

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. ఆమెను అక్కా అని, తనను బావా అని పిలిచి ఉంటే పీడ విరగడయ్యేది. వదినా మరిదీ అంటే వేళాకోళాలకు ఇద్దరూ కలిసి లైసెన్సు రాయించుకున్నట్టే.

"బండి వదిలేసి వెళ్ళండి," అన్నాడు పొడిగా.

మర్నాడు భార్య సైకిలుకి వంగిన కుడి పెడలు సరిచేసి ఆమెను పనికి పంపాక, మాస్టరు సైకిలు చక్రాలు ఊడదీసి ఫ్రేముని బల్లమీద పెట్టాడు. పాతకాలపు బరువైన ఉక్కు. ఎదురెదురుగా గుద్దుకుంటే ముందు ఫోర్కు వెనక్కి నొక్కుకుపోతుంది, హ్యాండిలు కింద గొట్టాల మీద రంగు ముడతలు పడుతుంది. ఇక్కడ ఫోర్కు నిక్షేపంలా ఉంది. వంగినవి వెనకచక్రాన్ని పట్టుకునే కడ్డీలు, రెండూ కుడివైపుకి. ఎడమ కడ్డీ మీద సొట్ట, ఆ సొట్టలో నీలం గీత.

ఆ నీలం రంగు తన చేత్తో కలిపి భార్య పెడళ్ళకు వేసిందే. ఎదురొచ్చిన సైకిలు పెడలు అక్కడికి ఎలా వస్తుంది? పక్కపక్కనే, భుజాలు రాసుకునేంత దగ్గరగా వెళ్తే తప్ప రాదు.

ఫ్రేముని చెక్కముక్కల మధ్య వైసులో బిగించి, కడ్డీల మధ్య పొడుగాటి ఇనపగొట్టం దూర్చి లాగాడు. కోపంలో ఎంత లాగాడంటే కడ్డీలు మధ్యకు వచ్చి, దాటి, ఎడమవైపుకి పోయాయి. ఉక్కుని అటూ ఇటూ పదేపదే వంచితే విరిగిపోతుందని తెలిసినవాడు కాబట్టి గొట్టం పక్కన పెట్టి, టీ తాగొచ్చి, ఈసారి నెమ్మదిగా కుడివైపుకి నొక్కాడు. మధ్య దాటి కొద్దిగా కుడి వంపు వచ్చింది. దాన్నలాగే వదిలేద్దామా అనిపించింది. బండి ఎప్పుడూ కుడికి లాగుతూ ఉంటుంది. తన భార్య ఎడమపక్కన వస్తోంది మరి.

సాయంత్రం ఆమె షాపుకే వచ్చింది.

"ఎదురొచ్చాడన్నావు," అన్నాడు. "ఎదురొస్తే ముందు భాగం వంగాలి. ఇది వెనక వంగింది. నీ పెడలు రంగు ఇదిగో, ఇక్కడుంది."

ఆమె ఆ గీతను చూసి స్టూలు మీద కూర్చుంది. ఏడుస్తుందనో, అరుస్తుందనో అతను సిద్ధపడ్డాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"పందెం వేసుకున్నాం. రోజూ సాయంత్రం గేటు దగ్గర్నుంచి వంతెన దాకా. నేనే గెలుస్తున్నా. నిన్న దాటబోతే దారివ్వలేదు, దూరిపోయా."

"ఈ వయసులో పందేలేంటి?"

"ఇదిగో, ఇలా అంటారనే చెప్పలేదు."

అతనికి ఊరట కలగాలి. కలగలేదు. భయపడ్డదే నిజమైతే నిలదీసేవాడు, తిట్టేవాడు. దీన్నేమనాలి? తన భార్య రోజూ రోడ్డు మీద గాలిలా దూసుకుపోతోంది, అది చూసే భాగ్యం ఇంకొకడికి దక్కుతోంది.

"నాతో వెయ్యొచ్చుగా పందెం?"

"మీతోనా? చైను వదులైంది, బ్రేకు రాస్తోంది అని దారి పొడుగునా నా బండికి వైద్యం చేస్తారు. సరేగానీ, నేనేమైనా పట్టుకోనా?"

వెనక కడ్డీ కొస నుంచి దారం తీసుకెళ్ళి హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, రెండో కడ్డీ కొసకు తెచ్చి బిగించారు. సీటు గొట్టానికి రెండుపక్కలా దారం సమానదూరంలో ఉంటే ఫ్రేము సరిగ్గా ఉన్నట్టు.

"ఇటు ఎక్కువుంది," అంది ఆమె వంగి చూసి.

"ఆమాత్రం నడుస్తుందిలే."

"ఇంత తేడాతో నేను కాలరు కుడితే మాస్టరు మొహాన కొడతాడు."

మళ్ళీ మాస్టరే. పళ్ళు బిగించి గొట్టం అందుకుని మరోసారి లాగాడు. దారం రెండువైపులా సమానమైంది.

సైకిలు తిరిగిచ్చిన రోజు మెకానిక్ షాపు తొందరగా మూసి, ప్యాంటు మడిచి ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తన బండి మీద వెళ్ళాడు. "నేనూ వస్తాను," అన్నాడు. భార్య ఎగాదిగా చూసి పెడలు మీద కాలు పెట్టింది.

ఫ్యాక్టరీ సందు దాటేసరికే అతను వెనకబడ్డాడు. ముందు భార్య, జడ ఊడిపోయి గాలికి ఎగురుతోంది. ఆమె వెనకే మాస్టరు. అతని సైకిలు అటూ ఇటూ వాలకుండా, గీత గీసినట్టు పోతోంది. అంత బాగా చెయ్యకుండా ఉండాల్సింది అనుకుంటూ మెకానిక్ రొప్పుతూ తొక్కాడు.

వంతెన దగ్గర వాళ్ళిద్దరూ దిగి నిలబడి ఉన్నారు. మాస్టరు తన నీళ్ళసీసా అందించాడు. మెకానిక్ దాన్ని పక్కకు తోసి, భార్య చేతిలో సీసా లాక్కుని గటగటా తాగాడు.

"రేపు కూడా వస్తారా ఏంటి?" అంది ఆమె.

"రాకేం," అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఓడిపోవడానికైనా వస్తాను."